బ్లంట్ ట్రామాలో (కోత లేకుండా బలంగా గుద్దుకున్న దెబ్బలో) లివర్ చీలిక: గ్రేడ్ 4 అయినా పొట్ట తెరవకుండా ఆగొచ్చా?

#1 కత్తెర
చర్చ కోసం ఒక కేసు కల్పించి పెడుతున్నా. 28 ఏళ్ల కుర్రాడు, బైక్ వెళ్లి ట్రాక్టర్ ట్రాలీకి గుద్దుకుంది, హ్యాండిల్ కుడి డొక్కలో బలంగా తగిలింది. గంటన్నరకు క్యాజువాలిటీకి చేరాడు. వచ్చేసరికి బీపీ 100/64, పల్స్ 112. ఒక లీటరు ఆర్‌ఎల్ (సెలైన్ లాంటి ద్రవం) ఎక్కాక బీపీ 114/70, పల్స్ 96. స్పృహ పూర్తిగా ఉంది. కుడివైపు 8, 9, 10 పక్కటెముకలు విరిగాయి. ఫాస్ట్‌లో (మంచం దగ్గరే చేసే అల్ట్రాసౌండ్‌లో) లివర్‌కీ కిడ్నీకీ మధ్య నీరు కనిపిస్తోంది. హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 10.8. సీటీలో 6, 7 సెగ్మెంట్లు బాగా చితికి, కుడి లోబ్‌లో మూడో వంతు దాకా పోయింది. బ్లష్ లేదు. (బ్లష్ అంటే నాళం దెబ్బతిన్నచోట సీటీలో కాంట్రాస్ట్ మందు తెల్లగా మెరవడం.) అంటే గ్రేడ్ 4.

జిల్లా ఆసుపత్రి. ఓటీ (ఆపరేషన్ గది) ఉంది, మత్తు డాక్టర్ ఉన్నాడు, బ్లడ్ బ్యాంక్ ఉంది. యాంజియో (నాళంలోకి సన్నని గొట్టం పంపి రక్తస్రావం ఆపడం) చేసే చోటు 130 కిలోమీటర్ల దూరం. ఆపరేషన్ చేయాలా, చూస్తూ ఉండాలా, పంపేయాలా? ఎందుకో కూడా చెప్పండి.

#2 గడియారం
ముందు ఆ "గ్రేడ్ 4" మాట పక్కన పెట్టండి సార్. ఓటీకి తీసుకెళ్లాలా వద్దా అన్నది గ్రేడ్ తేల్చదు, పల్సూ బీపీ తేలుస్తాయి. 2020 నాటి డబ్ల్యూఎస్‌ఈఎస్ (ప్రపంచ ఎమర్జెన్సీ సర్జరీ సంఘం) గైడ్‌లైన్స్‌లో విభజన కూడా అలాగే ఉంది. బీపీ నిలబడితే గ్రేడ్ 1, 2 చిన్న గాయం, గ్రేడ్ 3 మధ్యరకం, 4, 5 తీవ్రం. బీపీ నిలబడకపోతే గ్రేడ్ ఒకటైనా సరే, నేరుగా నాలుగో తరగతిలో పడతాడు.

మీ కేసులో పల్స్‌ను పై బీపీతో భాగించి చూడండి. వచ్చినప్పుడు 1.1, లీటరు ఎక్కాక 0.84. 0.9 దాటితే అనుమానించాలి, ఇతను దాని కిందికి దిగాడు. అయితే దిగడంతో సరిపోదు, అక్కడే నిలబడాలి. ఒక లీటరుకు లేచి గంటలో మళ్లీ జారిపోయేవాడిని స్టేబుల్ అనకూడదు, కాసేపు లేచాడనే అనాలి. అలాంటివాడిని ఆపరేషన్ లేకుండా చూడాలంటే యాంజియో, ఖాళీ ఓటీ, రక్తం, రాత్రంతా కళ్లు పెట్టి చూసే మనిషి, నాలుగూ ఒకే కప్పు కింద ఉండాలి.

లాక్టేట్, బేస్ డెఫిసిట్ (ఒంటికి రక్తం చాలట్లేదని చూపే పరీక్షలు) కూడా పెట్టండి. కుర్రవాళ్లు 30 శాతం రక్తం పోయేదాకా బీపీని పట్టి ఉంచుతారు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతారు. బీపీ బాగున్నా లాక్టేట్ 4 ఉందంటే లోపల ఇంకా కారుతోందనే నా లెక్క.

#3 పీజీ సెకండియర్
సార్, గ్రేడింగ్‌లో ఒక సందేహం. మా పుస్తకంలో గ్రేడ్ 6 ఉంది, సీనియర్లు లేదంటున్నారు. బ్లష్ ఉంటే గ్రేడ్ మారుతుందా?

#4 గ్రే స్కేల్
గ్రేడ్ 6 ఇప్పుడు లేదు. మీ పుస్తకంలో ఉన్నది 1994 నాటి ఏఏఎస్‌టీ (అమెరికా ట్రామా సర్జన్ల సంఘం) పట్టిక. 2018 సవరణలో దాన్ని తీసేసి, రక్తనాళాల గాయాన్ని గ్రేడ్‌లోకి తెచ్చారు.

చీలిక లోతు 1 సెం.మీ. లోపు అయితే గ్రేడ్ 1. 1 నుంచి 3 సెం.మీ. లోతు, 10 సెం.మీ. లోపు పొడవు అయితే 2. లోతు 3 దాటితే 3. లోబ్‌లో 25 నుంచి 75 శాతం చితికితే 4. 75 దాటినా, లివర్ వెనక ఉండే పెద్ద సిరలు తెగినా 5. పొర కింద గడ్డకట్టిన రక్తం ఉపరితలంలో పదో వంతు లోపు అయితే 1, సగం లోపు అయితే 2, సగం దాటినా పగిలినా 3. ఇక మీరు అడిగిన బ్లష్: సూడోఎన్యూరిజమ్ (నాళం గోడ చిట్లి ఉబ్బిన రక్తపు బుడగ) ఉన్నా, బ్లీడింగ్ లివర్ లోపలే ఆగి ఉన్నా చీలిక ఎంత చిన్నదైనా గ్రేడ్ 3. అదే బ్లీడింగ్ లివర్ దాటి పొట్టలోకి పోతుంటే 4.

సీటీ ఎలా తీశారన్నది రిపోర్టు కంటే ముఖ్యం. చాలాచోట్ల ఒక్క వీనస్ ఫేజ్ (కాంట్రాస్ట్ సిరల్లోకి చేరాక తీసే బొమ్మ) తీసి "బ్లష్ లేదు" అని రాసేస్తారు. ఆర్టీరియల్ ఫేజ్ (కాంట్రాస్ట్ ధమనుల్లో ఉండగా తీసేది) 25, 30 సెకన్లకు, పోర్టల్ వీనస్ 70 సెకన్లకు తీయాలి. ఏదైనా తెల్లగా మెరిస్తే 3 నుంచి 5 నిమిషాలకు డిలేడ్ తప్పకుండా తీయాలి. మోచేతి మడతలో 18 నంబర్ ఆకుపచ్చ కాన్యులా, 80 నుంచి 100 మి.లీ. కాంట్రాస్ట్, సెకనుకు 3, 4 మి.లీ. నోటి ద్వారా కాంట్రాస్ట్ తాగించి గంట కూర్చోబెట్టడం అనవసరం.

డిలేడ్ ఎందుకంటే, ఆర్టీరియల్‌లో మెరిసిన చుక్క డిలేడ్‌లో అయోర్టాతో పాటే మసకబారితే అది సూడోఎన్యూరిజమ్. పరిమాణం పెరిగి, ఆకారం చెదిరి, అయోర్టా కంటే తెల్లగా మిగిలితే రక్తం ఇంకా కారుతోందని. ఒక్క ఫేజ్‌లో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇంకొకటి, గడ్డకట్టిన రక్తం 45 నుంచి 70 హెచ్‌యూ (సీటీలో సాంద్రత కొలత) ఉంటుంది, పొట్టలో పలచగా పారిన రక్తం 30 నుంచి 45. ఎక్కువ హెచ్‌యూ ఉన్న గడ్డ ఏ అవయవాన్ని అంటుకుని ఉందో సాధారణంగా దెబ్బ అక్కడే. గడ్డ పేగుల మధ్య కూర్చుని ఉంటే లివర్ ఒక్కదాన్నే చూసి రిపోర్టు ముగించకండి.

కత్తెర గారూ, మీ కల్పిత కేసులో ఆర్టీరియల్ ఫేజ్ తీశారా?

#5 కత్తెర
తీశారనే అనుకుందాం. రెండు ఫేజుల్లోనూ బ్లష్ లేదు.

#6 మత్తు డాక్టర్
సీటీకి ముందు జరగాల్సింది ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

రెండు 16 నంబర్ బూడిద రంగు కాన్యులాలు, రెండూ చేతులకే. కాలికి గానీ ఫెమోరల్‌కి గానీ లైన్ పెట్టకండి. లివర్ వెనక ఐవీసీ (కింది నుంచి గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిర) తెగి ఉంటే కింది నుంచి ఎక్కించినదంతా పొట్టలోకే పోతుంది. సెలైన్ ఒక లీటరుతో ఆపాలి. రెండో లీటరు దగ్గర చెయ్యి రక్తం సంచి మీదకు వెళ్లాలి, ఆర్‌ఎల్ సీసా మీదకు కాదు. పలచబడిన రక్తం గడ్డకట్టదు, చల్లబడినది అసలే కట్టదు. ద్రవాలు వెచ్చచేసి ఎక్కించండి, పేషెంట్‌కు దుప్పటి కప్పండి. మన దగ్గర సీటీ గది ఏసీకి ఎవరూ అడ్డు చెప్పరు, అరగంటలో ఒంటి వేడి డిగ్రీ పడిపోతుంది.

ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు) 1 గ్రాము 10 నిమిషాల్లో, ఆ తర్వాత ఇంకో గ్రాము 8 గంటల పాటు. దెబ్బ తగిలిన 3 గంటల లోపే. క్రాష్-2 ట్రయల్‌లో 20 వేల మందికి పైగా ఉన్నారు, మన దేశం పేషెంట్లూ అందులో ఉన్నారు. 3 గంటలు దాటాక మొదలుపెట్టిన వాళ్లలో బ్లీడింగ్ చావులు పెరిగాయని అందులోనే తేలింది. పీహెచ్‌సీలోనో 108లోనో ఇచ్చి ఉంటే టైమ్ అడిగి రాసుకోండి, మళ్లీ ఇవ్వకండి.

రక్తం ఎక్కువ పోతుంటే రెడ్ సెల్స్, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు 1:1:1. ప్రతి 4 యూనిట్లకు 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ., వీలైతే అయొనైజ్డ్ కాల్షియం చూసి. ఫైబ్రినోజెన్ లీటరుకు 1.5 గ్రాముల కిందకు వస్తే క్రయో (ప్లాస్మా నుంచి తీసిన, గడ్డకట్టడానికి తోడ్పడే పదార్థం). ఓ నెగెటివ్ మన దగ్గర దొరకడం కష్టం. క్రాస్‌మ్యాచ్ కోసం గంట కూర్చోకుండా గ్రూప్ చూసి అదే గ్రూప్ రక్తం పావుగంటలో తెప్పించుకోవచ్చని బ్లడ్ బ్యాంక్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

రక్తస్రావం ఆగేదాకా పై బీపీ 80, 90 చాలు, 120కి తీసుకెళ్లాలని తొందరపడొద్దు. తలకు తీవ్రమైన దెబ్బ ఉంటే మాత్రం ఈ సూత్రం వర్తించదు, అక్కడ మీన్ (సగటు) ప్రెషర్ 80 ఉండాల్సిందే.

#7 కోస్తా సర్జన్
ఇవన్నీ పెద్ద ఊళ్ల మాటలు. రాత్రి రెండింటికి ఒక హౌస్ సర్జన్, ఇద్దరు స్టాఫ్ నర్సులు, నలభై మంది పేషెంట్లు. అక్కడ గ్రేడ్ 4ను "చూస్తూ ఉందాం" అంటే ఎవరూ చూడరు. పొట్ట తెరిచి ప్యాక్ పెట్టి రావడమే నయమని నా అభిప్రాయం.

#8 గడియారం
కోస్తా సర్జన్ గారూ, మీ ఇబ్బంది నిజమే, మందు మాత్రం అది కాదు. పొట్ట లోపల పారిన రక్తం తనే ఒత్తిడి పెట్టి సిరల బ్లీడింగ్‌ను ఆపి ఉంచుతుంది. గ్రేడ్ 4 స్టేబుల్‌లో చాలామందికి ఆగింది అలాగే. పెరిటోనియం కోయగానే ఆ ఒత్తిడి పోతుంది, గడ్డలు కదులుతాయి, ఆగిన సిర మళ్లీ మొదలవుతుంది. అప్పుడు చేతిలో ఉన్న రెండు యూనిట్లతో ఏం చేస్తారు? అవసరం లేని లాపరాటమీ ఇక్కడ పేషెంట్‌ను నిజంగానే చంపగలదు.

చూసేవాళ్లు లేకపోతే పంపాలి. అదీ స్టేబుల్‌గా ఉన్నప్పుడే, బీపీ పడ్డాక కాదు. కత్తెర గారి కేసుకు నా జవాబు అదే: సీటీ అయిన అరగంటలో బండి కదలాలి. రెండు యూనిట్ల క్రాస్‌మ్యాచ్ చేసిన రక్తం ఐస్ బాక్సులో, తోడు డాక్టర్, దారిలో ప్రతి 10 నిమిషాలకు బీపీ. సీటీ సీడీ, కేస్ షీట్ నకలు, ఎమ్మెల్సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) ఇంటిమేషన్ నంబర్, ట్రానెక్సామిక్ ఇచ్చిన టైమ్, ఎక్కించిన ద్రవాల లెక్క వెంట ఉండాలి. అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి బెడ్ ఉందా అని మాత్రమే కాదు, ఈ రాత్రి యాంజియో చేసే మనిషి ఊళ్లో ఉన్నాడా అని అడగండి.

డబ్బు భయంతో ఇంటివాళ్లు వెనకాడితే: రోడ్డు ప్రమాద బాధితులకు నగదు లేని చికిత్స పథకం 2025 మేలో వచ్చింది, నమోదైన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా లక్షన్నర వరకు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక రక్తం ఎక్కించినా బీపీ లేవనివాడు. వాడిని బండెక్కించకూడదు. అక్కడే తెరిచి ప్యాక్ చేయండి. మాప్‌లు (గుడ్డ ప్యాడ్లు) చీలిక లోపల కుక్కకండి, లివర్ పైనా కిందా పెట్టి తెగిన రెండు అంచులూ కలిసేలా నొక్కాలి. మరీ ఎక్కువ కుక్కితే ఐవీసీ మూసుకుపోయి బీపీ ఇంకా పడుతుంది. ప్రింగిల్ క్లాంప్ (లివర్‌లోకి వచ్చే నాళాలను బిగించేది) వేసినా కారుతుంటే అది హెపాటిక్ సిరలనుంచో ఐవీసీనుంచో అని అర్థం, దాన్ని వెతకబోకండి, నొక్కి ఉంచండి. పొట్ట మూయకుండా స్టెరైల్ సంచి కుట్టి పంపండి. మాప్‌ల సంఖ్య కేస్ షీట్ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

#9 క్యాథ్ టేబుల్
యాంజియో వైపు నుంచి నాలుగు మాటలు.

బీపీ స్టేబుల్, సీటీలో బ్లష్ ఉంది: పెద్దవాళ్లలో నేరుగా మా దగ్గరకే. బ్లష్ లేని గ్రేడ్ 4కి ముందు జాగ్రత్తగా ఎంబోలైజ్ (నాళాన్ని లోపలి నుంచి మూయడం) చేయమని పంపుతుంటారు, అది వద్దు. లాభం తేలలేదు, లివర్ చచ్చిపోయే ముప్పు మాత్రం ఉంది. బ్లష్ లేకపోయినా రక్తం ఎక్కించాల్సి వస్తూనే ఉంటే, హెచ్‌బీ నిలవకపోతే అప్పుడు పిలవండి.

లివర్‌కు వచ్చే రక్తంలో నాలుగింట మూడు వంతులు పోర్టల్ వీన్‌ది, అందుకే ఆర్టరీ మూసినా లివర్ తట్టుకుంటుంది. కాబట్టి సీటీలో పోర్టల్ వీన్ తెరుచుకుని ఉందో లేదో చూడకుండా ఎంబోలైజ్ చేయకూడదు. సీలియాక్ (లివర్ ఆర్టరీ సాధారణంగా పుట్టే నాళం) ఒక్కటే చూసి బ్లీడింగ్ దొరకలేదని బయటికి రావద్దు. పదిమందిలో ఒకరికి పైగా కుడి హెపాటిక్ (లివర్) ఆర్టరీ ఎస్‌ఎంఏ (పేగులకు వెళ్లే పెద్ద ఆర్టరీ) నుంచి పుడుతుంది, ఎస్‌ఎంఏ ఇంజెక్షన్ కూడా తప్పనిసరి. మైక్రోక్యాథెటర్‌తో వీలైనంత ముందుకు వెళ్లాలి, సిస్టిక్ ఆర్టరీ (గాల్‌బ్లాడర్‌కు వెళ్లేది) దాటాకే ఏదైనా వదలాలి. లేదంటే గాల్‌బ్లాడర్ కుళ్లి వారంలో సర్జన్ చేతికి వస్తుంది.

చాలా చోట్ల నుంచి ఒకేసారి చిమ్ముతుంటే జెల్‌ఫోమ్ (నాళం మూసే స్పంజి ముక్కలు), ఒక్క కొమ్మ తెగితే కాయిల్ (సన్నని లోహపు చుట్ట). సూడోఎన్యూరిజమ్‌కు ముందూ వెనకా రెండు వైపులా కాయిల్ పడాలి. ముందువైపు మాత్రమే మూస్తే పక్క కొమ్మల నుంచి రక్తం వెనక్కి తిరిగి నిండుతుంది. రక్తం గడ్డకట్టే శక్తి అడుగంటినవాడిలో కాయిల్ ఒక్కటే పనిచేయదు, గడ్డ కట్టాలి కదా, అక్కడ గ్లూ మేలు.

మర్నాడు ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైమ్) వేలల్లోకి పోతుంది. కంగారు పడి సీటీలు తీయకండి. రెండు మూడు రోజుల్లో దిగడం మొదలవ్వాలి, దిగకపోతే చూద్దాం.

#10 పీజీ సెకండియర్
వార్డులో హెచ్‌బీ ఎన్ని గంటలకొకసారి? ఎంత పడితే సీనియర్‌కి ఫోన్ చేయాలి?

#11 ఐసీయూ సిస్టర్
మొదటి 24 గంటలు 6 గంటలకొకసారి హెచ్‌బీ. గ్రేడ్ 3 పైన ఉంటే మొదటి రెండు సార్లు 4 గంటలకే తీస్తాం. ఆ తర్వాత రెండు రిపోర్టులు ఒకేలా వస్తే 12 గంటలకు. శాంపిల్ డ్రిప్ ఎక్కుతున్న చేతినుంచి తీయకండి బాబూ. సెలైన్ కలిసి 7.2 అని వస్తుంది, అర్ధరాత్రి వార్డంతా పరుగులు. డ్రిప్ లేని చెయ్యి, లేదా ఆర్టీరియల్ లైన్ నుంచి మొదటి 5 మి.లీ. పక్కన పెట్టి ఆ తర్వాతది.

పల్స్, బీపీ, మూత్రం ప్రతి గంటకు. మూత్రం గంటకు కిలోకు అర మి.లీ. తగ్గకూడదు. హెచ్‌బీ కంటే పల్స్ ముందు చెబుతుంది. 84, 92, 101, 108 అని నాలుగు గంటల్లో ఎక్కుతుంటే బీపీ 118 ఉన్నా ఫోన్ చేయాలి. విడివిడిగా చూస్తే ఏ అంకె భయపెట్టదు, అందుకే చార్టులో గీత గీయమంటాను. ముందు నొప్పి, మూత్రం సంచి నిండటం, జ్వరం కారణమా చూసుకోండి.

పొట్ట చుట్టుకొలత టేపుతో కొలవడం మా దగ్గర ఇంకా రాస్తారు, దానివల్ల ఉపయోగం తక్కువ. అనుమానం ఉంటే బ్లాడర్ ప్రెషర్ తీయండి. పేషెంట్‌ను వెల్లకిలా చదునుగా పడుకోబెట్టి, ఫోలీ (మూత్రపు గొట్టం) ద్వారా 25 మి.లీ. సెలైన్, సున్నా గీత నడుము ఎముక పైన మిడ్ యాగ్జిలరీ లైన్ దగ్గర, ఊపిరి వదిలాక చూడాలి. 12, ఆ పైన వస్తే ఎక్కువని లెక్క. 20 దాటి కొత్తగా కిడ్నీయో ఊపిరో దెబ్బతింటే అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (పొట్టలో ఒత్తిడి పెరిగి అవయవాలు దెబ్బతినడం). ట్రాన్స్‌డ్యూసర్ లేక నీటి గొట్టంతో కొలిస్తే 27 సెం.మీ. నీరు అంటే 20 మి.మీ. పాదరసం.

#12 గడియారం
సిస్టర్ చెప్పినదానికి తోడు. 12 నుంచి 9.5కి పడటం మూడు లీటర్లు ఎక్కినవాడిలో పలచబడటమే కావచ్చు. పల్స్ 86, లాక్టేట్ 1.4 ఉంటే నేను కదలను. అదే 2 గ్రాములు 6 గంటల్లో పడి పల్స్ ఎక్కుతుంటే మళ్లీ సీటీ. లివర్ కోసమే 24 గంటల్లో 4 యూనిట్లు దాటి ఎక్కించాల్సి వస్తే ఇక చూస్తూ ఉండటం అయిపోయినట్టే: బీపీ ఉంటే యాంజియో, లేకపోతే ఓటీ.

సిర్రోసిస్ ఉన్నవాళ్లు, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడేవాళ్లలో ఈ గీత ఇంకా ముందే గీయాలి. వార్ఫరిన్‌కు విటమిన్ కె 10 మి.గ్రా. ఐవీ, దాంతోపాటు పీసీసీ (గడ్డకట్టించే ఫ్యాక్టర్ల మందు), లేకపోతే ఎఫ్‌ఎఫ్‌పీ (ప్లాస్మా) కిలోకు 15 మి.లీ.

#13 కోస్తా సర్జన్
పంపడం గురించి ఒప్పుకుంటున్నా. కానీ గ్రేడ్ 2, 3 అందరినీ పంపలేం కదా. వాళ్లకు మంచం మీద ఎన్ని రోజులు? మా దగ్గర వారం రోజులు కదలనివ్వరు, నాలుగు రోజులు నోట్లో నీళ్లు కూడా పోయరు.

#14 మత్తు డాక్టర్
ఆ రెండూ మానేయండి. 24 గంటలు నిలకడగా ఉంటే మర్నాడే లేపి కూర్చోబెట్టండి, బాత్రూమ్‌కి నడిపించండి. నడిస్తే లివర్ చీలిక తెరుచుకుంటుందనడానికి ఆధారం లేదు. పడుకోబెడితే కాళ్లలో గడ్డలు, కుడి ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా ఖాయం. తిండి కూడా అంతే, ఆపరేషన్ ఉండకపోవచ్చని తేలిన వెంటనే ద్రవాలు, ఆ మర్నాడు మామూలు భోజనం.

విరిగిన పక్కటెముకల నొప్పి తగ్గకపోతే లోతుగా ఊపిరి తీయలేడు. పారాసిటమాల్ రోజుకు 3 గ్రాముల లోపు, ట్రామడాల్, వీలుంటే ఎరెక్టర్ స్పైనీ బ్లాక్ (వీపులో ఇచ్చే నొప్పి తగ్గించే మత్తు ఇంజెక్షన్). క్యాజువాలిటీలో అలవాటుగా పొడిచే డైక్లోఫెనాక్ మాత్రం వద్దు. ప్లేట్‌లెట్ పనిచేయదు, కిడ్నీ మీద భారం, పిరుదులో గడ్డ అదనం.

#15 పీజీ సెకండియర్
హెపారిన్ సంగతి సార్? చీలిన లివర్‌కి రక్తం పలచబడే మందా అని మా యూనిట్‌లో వాదన.

#16 గడియారం
కాళ్లకు గాలి పంపు మొదటి గంట నుంచీ. హెచ్‌బీ 24 గంటలు కదలకుండా ఉంటే 48 గంటల లోపు ఎనాక్సాపారిన్ 40 మి.గ్రా. రోజుకొకసారి చర్మం కింద, గ్రేడ్ ఎక్కువైతే 72 దాకా ఆగొచ్చు. కిడ్నీ బాగోకపోతే మామూలు హెపారిన్ 5000 యూనిట్లు 12 గంటలకొకసారి. నివారణ మోతాదుతో లివర్ మళ్లీ కారడం అరుదు. ట్రామా పేషెంట్ రెండో రోజుకే గడ్డలు కట్టే స్థితికి మారిపోతాడు, కాలు విరిగి ఉంటే మరీ. తలలో రక్తం ఉంటే న్యూరో సర్జన్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

#17 గ్రే స్కేల్
డిశ్చార్జ్‌కి ముందు రొటీన్ సీటీ అడగకండి. గ్రేడ్ 1, 2, 3లో లక్షణాలు లేకపోతే దానివల్ల చికిత్స మారదు. గ్రేడ్ 4, 5లో మాత్రం అభిప్రాయాలు రెండు. మొదటి వారంలో ఒకసారి ఆర్టీరియల్ ఫేజ్‌తో చూస్తే నిశ్శబ్దంగా ఉన్న సూడోఎన్యూరిజమ్ దొరుకుతుంది. నేను ఆ పక్షమే, ముఖ్యంగా ఇల్లు ఆసుపత్రికి గంటల దూరంలో ఉన్నవాళ్లకు.

#18 పైత్యం
బ్లీడింగ్ గండం గడిచాక మూడో రోజు నుంచి మాకు ఫోన్లు వస్తాయి, అది బైల్ (పిత్తరసం) లీక్ గురించి. గ్రేడ్ 4, 5లో ఇది మామూలు వ్యవహారం, దీన్ని "ఆపరేషన్ లేకుండా చూడటం విఫలమైంది" అని రాయకండి.

ముందుగా కంగారు అక్కర్లేనివి. మొదటి మూడు నాలుగు రోజులు 100, 101 జ్వరం, కౌంట్ 14 వేలు గడ్డ కరుగుతున్నందుకే రావచ్చు. పొట్టలోని రక్తం పీల్చుకుంటుంటే బిలిరుబిన్ 2, 3 దాకా పెరుగుతుంది, అదీ ఇన్‌డైరెక్టే. ఎంబోలైజ్ చేసినచోట సీటీలో గాలి బుడగలు కనబడినంత మాత్రాన చీము కాదు. వీటికి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం నాకు నచ్చదు.

కంగారు పడాల్సింది మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య. హెచ్‌బీ నిలకడగా ఉంది, కానీ పల్స్ 120, పొట్ట బిగుసుకుంది, ఊపిరి ఎగదోస్తోంది, తిండి సయించట్లేదు. రక్తం కారట్లేదు కాబట్టి బాగున్నట్టే అని వదిలేస్తారు. అల్ట్రాసౌండ్ పెట్టి సూదితో లాగితే పచ్చగా వస్తుంది. ద్రవంలో బిలిరుబిన్ రక్తంలోదానికి మూడు రెట్లు ఉంటే బైల్ లీకే. ఒకచోట గూడు కట్టి ఉంటే 10 లేదా 12 ఫ్రెంచ్ సైజు పిగ్‌టెయిల్ డ్రెయిన్ గొట్టం చాలు. పొట్టంతా పరుచుకుని ఉంటే లాపరోస్కోపీతో కడిగి డ్రెయిన్లు పెట్టాలి, ఆ పూటే మనిషి తేరుకుంటాడు. కడిగేటప్పుడు లివర్ మీద అంటుకున్న గడ్డలు పీకకండి. అక్కడ శుభ్రం చేయాలన్న ఉత్సాహం వద్దు.

డ్రెయిన్ రోజుకు 300 మి.లీ. దాటి తగ్గకపోతే ఈఆర్‌సీపీ (నోటి గుండా ఎండోస్కోప్‌తో పిత్తనాళంలోకి వెళ్లడం), పాపిల్లా (ఆ నాళం పేగులోకి తెరుచుకునే చోటు) కోత, ప్లాస్టిక్ స్టెంట్. స్టెంట్ సరిగ్గా చీలిక దాటాల్సిన పని లేదు, కింద అడ్డం తీసేస్తే బైల్ తేలిక దారి పట్టుకుంటుంది. ఆరు వారాలకు స్టెంట్ తీయాలి. ఆ తేదీ డిశ్చార్జ్ కార్డు మీద రాయకపోతే ఏడాది తర్వాత మూసుకుపోయి చీముతో వస్తారు.

#19 క్యాథ్ టేబుల్
ఒకటి కలుపుతాను. ఇంటికెళ్లిన రెండు మూడు వారాలకు కుడివైపు మెలిపెట్టే నొప్పి, కళ్లు పచ్చబడటం, నల్ల విరేచనం కలిసి వస్తే హీమోబిలియా (పిత్తనాళాల్లోకి రక్తం కారడం). మూడూ ఒకేసారి రావాలని లేదు. అల్సర్ అనుకుని ఎండోస్కోపీ చేసి, అల్సర్ లేదని గ్యాస్ మాత్రతో పంపేస్తారు. ఈమధ్య పొట్టకు దెబ్బ తగిలిందా అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ముందు సీటీ యాంజియో, ఆ వెంటనే కాయిల్.

#20 పిల్లల సర్జన్
పిల్లల మాట ఎవరూ ఎత్తలేదు. అసలు పొట్ట తెరవకుండా చూడటం మొదట నిలదొక్కుకున్నది పిల్లల సర్జరీలోనే, పెద్దల సర్జన్లు తర్వాత వచ్చారు.

సైకిల్ హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకున్న పిల్లాడి చర్మం మీద రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ ఉంటుంది, లోపల ఎంత దెబ్బ ఉందో బయటికి తెలియదు. ఎస్‌జీఓటీ 200 పైన గానీ, ఎస్‌జీపీటీ 125 పైన గానీ ఉంటే లివర్ దెబ్బ అనుమానించి సీటీ ఆలోచించాలి. సీటీ లేనిచోట పెద్దాసుపత్రికి పంపడానికి ఈ అంకె చాలు.

పిల్లల రక్తం కిలోకు 80 మి.లీ. 15 కిలోల పిల్లాడికి మొత్తం 1200 మి.లీ.యే. సెలైన్ కిలోకు 20 మి.లీ. ఒకసారి, ఆ తర్వాత రక్తం కిలోకు 10 నుంచి 20. 24 గంటల్లో మొత్తం రక్త ఉత్పత్తులు కిలోకు 40 మి.లీ. దాటితే ఆపరేషనో యాంజియోనో ఆలోచించాలి. పెద్దల్లో లాగా బ్లష్ కనిపించగానే యాంజియోకి తోయకండి, బీపీ నిలబడిన పిల్లాడిలో చాలావరకు అదే ఆగుతుంది. ఆటలకు పాత సూత్రమే: గ్రేడ్‌కు రెండు కలిపి అన్ని వారాలు. గ్రేడ్ 3 అయితే ఐదు వారాలు కబడ్డీ, సైకిల్, చెట్లెక్కడం బంద్. బడికి ముందే పంపొచ్చు.

#21 కోస్తా సర్జన్
నాదొక హెచ్చరిక. లివర్ గాయం దొరికిందన్న తృప్తిలో పేగును మర్చిపోతారు. పొట్ట మీద బెల్ట్ చార ఉన్నా, లివర్ చీలిక చిన్నదై నీరు మాత్రం ఎక్కువగా ఉన్నా, పేగు గోడ మందంగా కనిపించినా 6 నుంచి 8 గంటలకొకసారి అదే సర్జన్ వచ్చి పొట్ట నొక్కి చూడాలి. చెయ్యి మారితే తేడా తెలియదు. పొట్టంతా గట్టిపడితే లివర్ ఎంత బాగున్నా తెరవాల్సిందే. మత్తులో ఉన్నవాడు, తల దెబ్బతో మాట్లాడలేనివాడు అయితే 12 గంటలకో, ముందో మళ్లీ సీటీ.

#22 గడియారం
దీనికి పూర్తిగా ఓటు. మొదటి 24 గంటల్లో ఒకరే చూడాలన్నది కేస్ షీట్‌లో పేరుతో సహా రాసి పెట్టండి.

#23 కత్తెర
అందరికీ థ్యాంక్స్. చివరగా, ఇతను వ్యవసాయం చేసేవాడు, మోటార్ సైకిల్ మీదే బతుకు. పనికి ఎప్పుడు?

#24 గడియారం
ఇంటి చుట్టూ నడక, కూర్చుని చేసే పని రెండు మూడు వారాలకు. యూరియా బస్తాలు మోయడం, ట్రాక్టర్ నడపడం, బైక్ మీద గతుకుల దారులు మూడు నాలుగు నెలల దాకా వద్దు, గ్రేడ్ 4 మానడానికి దాదాపు అంత కాలం పడుతుంది. నెలకోసారి అల్ట్రాసౌండ్ అక్కర్లేదు, నొప్పో జ్వరమో వస్తే చేద్దాం. మద్యం అలవాటు ఉంటే ఆ నాలుగు నెలలూ పూర్తిగా మానమనండి.

డిశ్చార్జ్ కార్డు మీద తెలుగులో రాసివ్వండి: కళ్లు తిరిగి పడిపోవడం, నల్ల విరేచనం, రక్తపు వాంతి, కళ్లు పచ్చబడటం, చలితో జ్వరం, కుడి భుజంలో కొత్త నొప్పి. వీటిలో ఏది కనిపించినా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా సీటీ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి, ఈ కార్డూ సీడీ చేతిలో పట్టుకుని.

#25 ఐసీయూ సిస్టర్
కార్డు మీద బ్లడ్ గ్రూప్, కాయిల్ పెట్టి ఉంటే ఆ మాట కూడా రాయండి సార్.